సంకరం చేసిన విత్తనం అలమరా పాలు కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

మాది ఐరాల దగ్గర పల్లె. నాయన ఇప్పటికీ వానను నమ్ముకుని శెనక్కాయ వేస్తాడు. ఆ పంట మీది మమకారంతోనే వేరే రాష్ట్రంలో మొక్కల ప్రజననంలో, అంటే కొత్త రకాలు తయారుచేసే చదువులో, ఎమ్మెస్సీ చదివాను.

వేరుశనగ పువ్వు పొద్దున విచ్చుకునేసరికే తన పుప్పొడి తనకు అంటుకుపోతుంది. అందుకే సంకరం చేయాలంటే, అంటే ఒక రకం పువ్వుకు వేరే రకం పుప్పొడి అద్దాలంటే, ముందురోజు సాయంత్రమే మొగ్గను పట్టుకోవాలి. చాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, రేకులు చీలకుండా పక్కకు తీసి, పుప్పొడి తిత్తులను పట్టకారుతో ఒక్కొక్కటే తుంచాలి. ఒక్కటి మిగిలినా చేసిందంతా వృథా. తెల్లారగానే తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి అద్ది, రంగు దారం కట్టాలి. పువ్వు నుంచి వచ్చే ఊడ నేలలోకి దిగాక ఏ కాయ ఏదో చెప్పేది ఆ దారమే. అలా 412 పూలకు చేస్తే నాకు దక్కినవి 70 కాయలు.

వాటిని విత్తి మొదటి తరం, మరో పంటకు రెండో తరం చూశాను. అంతలో రెండేళ్లు అయిపోయాయి. గుణాలు నిలకడపడాలంటే ఇంకో నాలుగైదు తరాలు పండించి ఏరుకోవాలి. థీసిస్ ఇచ్చేసి, వలిచిన గింజల సంచిని అలమరా మీద పెట్టి వచ్చేశాను. ఏడాది తర్వాత ఒక జూనియర్ 50 గింజలు నానేస్తే మొలిచినవి ఆరు! ఆ వేడి గదిలో వలిచిన పప్పు అంతకంటే నిలవదు. తప్పు నాది కూడా. కానీ అప్పగించమని అడిగినవాళ్లూ లేరు. తర్వాత చేరినవాళ్లకు కొత్త అంశమే కావాలి, మళ్లీ కొత్త సంకరమే.

తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన నారాయణి, ధరణి రకాలు నాయన వేసి చూశాడు. అలాంటి రకం ఒకటి రైతు చేతికి రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. ఒకరు ఆపిన తరం నుంచి మరొకరు అందుకుంటేనే ఎమ్మెస్సీ పిల్లల కష్టం అందులో కలుస్తుంది. విత్తనమూ, ఏ మొక్క దేని సంతానమో రాసిన వంశావళి పుస్తకమూ అప్పగించాకే పట్టా ఇవ్వాలని విశ్వవిద్యాలయాలు నియమం పెట్టాలి. ముందువాళ్ల మూడో తరంతో మొదలయ్యే థీసిస్‌నూ ఒప్పుకోవాలి.

ఈ ఏడాది తిరుపతిలో ఈ చదువులో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట: విత్తనాన్ని వలవకండి. బాగా ఎండబెట్టి, కాయలుగానే, సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టి చల్లని గదిలో దాచమని అడగండి.

– ఒక రైతు కూతురు, ఐరాల మండలం, చిత్తూరు జిల్లా