వార్డు మెంబరు ఎవరు?

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కుల కార్డులు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాం. సంతకం చేసి సోమవారంలోగా తిప్పి పంపండి. నేను రాయాలనుకున్నది మాత్రం వేరే సంగతి.

పోయిన వారం సోషల్ సార్ సెలవు పెడితే తొమ్మిదో తరగతికి నేను వెళ్లాను. ఎమ్మెల్యే ఎవరంటే క్లాసంతా ఒక్కసారే అరిచింది. వార్డు మెంబరు ఎవరంటే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి బెంచీలో ఒకమ్మాయి లేచి పేరు చెప్పింది. బోరు మోటరు కాలిపోయినప్పుడు ఎవరి సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగారో కూడా చెప్పింది. వాళ్లమ్మ పొదుపు సంఘం మీటింగుకు పోతుంటే తోడు పోతుందట. మార్కుల్లో ఆమె మధ్యరకమే.

పాఠం అందరికీ ఒకటే చెప్తాం. తేడా, పిల్లలు ఎవరి పక్కన కూర్చుని మాటలు వింటున్నారన్న దగ్గర వస్తోంది. ఒకే పార్టీ వాట్సాప్ గ్రూపు చూసేవాడికి నినాదాలు బాగా వస్తాయి, ఎదురు ప్రశ్న వేస్తే కోపమొస్తుంది. వేరే పార్టీ మేనమామతో అన్నం దగ్గర వాదించేవాడు కాస్త ఆగి వింటాడు. (మా బావమరిది వస్తే మా ఇంట్లోనూ టెన్షనే, అది వేరే కథ.)

1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని చాలామంది నామినేషన్లు వేశారు. పోలింగు వాయిదా వేసి, బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలు చేశారు. ఈ ముచ్చట క్లాసులో ఒక్కడికే తెలుసు. ఆ బ్యాలెట్ మడవలేక తంటాలు పడ్డానని వాళ్ల నానమ్మ చెప్పిందట.

గ్రామసభ చాటింపు వినబడితే పిల్లలను వెంట తీసుకుపోండి. వెనక కూర్చుని వింటే చాలు. ఇంట్లో రాజకీయం మాట్లాడుతుంటే "నీకెందుకు, పోయి చదువుకో" అనకండి. నేనూ అన్నవాణ్నే.

దసరా సెలవుల పని ఒకటే: ఇంట్లో పెద్దవాళ్లను "మొదటి ఓటు ఎప్పుడు వేశారు, బూత్‌కు ఎవరితో వెళ్లారు" అని అడిగి ఒక పేజీ రాయాలి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది కాబట్టి నానమ్మల లెక్క, అమ్మల లెక్క వేరుగా ఉంటుంది. ఏ పార్టీకి వేశారో అడగొద్దని పిల్లలకు చెప్పాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు