రైలు పెట్టెలో ఏమన్నాడు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా ఊరి ఫిల్మ్ క్లబ్బులో ‘లూచీ దెల్ వరియెతా’ అనే పాత ఇటాలియన్ కామెడీ వేశారు. మా నాన్నగారినీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఒకప్పుడు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఇంగ్లిష్ చదవలేరు. తెర అడుగున పడే సబ్‌టైటిల్స్ మాత్రం ఇంగ్లిష్‌లోనే.

1950లో వచ్చిన ఈ సినిమా ఊరూరా తిరిగి ఆడే ఓ బక్కచిక్కిన వినోద బృందం కథ. తానో పెద్ద నటుణ్ననుకునే చెక్కో, అతన్నే నమ్ముకున్న మెలీనా, స్టేజీ పిచ్చితో వచ్చి చేరిన లిలియానా. ఒక రాత్రి లిలియానా మీద కన్నేసిన డబ్బున్న ఆసామి బృందాన్నంతా ఇంటికి భోజనానికి పిలుస్తాడు. తన ఆట సాగకపోయేసరికి తెల్లవారుతుండగా అందర్నీ గెంటేస్తాడు. ఆ మసక వెలుతురులో వాళ్లు కాళ్లీడ్చుకుంటూ పోతుంటే నాన్నగారు నా చెవిలో, “మాకూ జరిగిందిరా, ఒక పెళ్లివారింట్లో” అన్నారు.

చివర్లో లిలియానా పెద్ద కంపెనీతో మిలాన్ రైలెక్కి వెళ్లిపోతుంది. చెక్కో మళ్లీ పాత బృందంతో మూడో తరగతి పెట్టెలో, మెలీనా పక్కన. ఎదురుగా ఓ కొత్త అమ్మాయి. చెక్కో మాట కలిపాడు, హాల్లో సగం మంది గొల్లుమన్నారు. “ఏమన్నాడ్రా?” అని నాన్నగారు నా వైపు తిరిగారు. నేను చెప్పేలోపే లైట్లు వేసేశారు.

ఇంకో చిన్న మాట. ఆట మొదలయ్యే ముందు సినిమాను పరిచయం చేసినాయన దర్శకుడిగా ఫెల్లినీ పేరు ఒక్కటే చెప్పారు. నిజానికి దర్శకులు ఇద్దరు. అప్పటికే పేరున్నవాడు అల్బెర్తో లత్తువాదా. ఫెల్లినీకి దర్శకుడిగా ఇదే మొదటిది. సొంత డబ్బు పెట్టి తీశారు, లిలియానాగా లత్తువాదా భార్య, మెలీనాగా ఫెల్లినీ భార్య నటించారు, సంగీతం లత్తువాదా తండ్రిది. ఇంటిల్లిపాదీ కష్టపడినా డబ్బు తిరిగి రాలేదు. అచ్చం నాటక సమాజమే! తర్వాత ఫెల్లినీ తన సినిమాలను లెక్కేసుకున్నప్పుడు, ఇద్దరు కలిసి తీసింది కాబట్టి దీన్ని అర సినిమాగా లెక్కగట్టాడు. ఆయన తీసిన ‘ఎనిమిదిన్నర’ అనే సినిమా పేరులోని ఆ అర ఇదే.

క్లబ్బులవాళ్లకు నా మనవి ఒక్కటే. తెలుగు సబ్‌టైటిల్స్ వేయండి. డైలాగుల ఫైలు సిద్ధంగా ఉంటే దాన్ని తెలుగులో రాసుకోవడానికి మిషన్లేవీ అక్కర్లేదు, కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషికి సాంస్కృతిక శాఖ ఎంతో కొంత ఇవ్వొచ్చు. ఈ సినిమాకైతే నేను ఊరికే రాసిపెడతాను. మళ్లీ వేసే రోజు మాత్రం ముందుగా చెప్పండి, నాన్నగారికి ముందు వరసలో సీటు కావాలి.

— ఒక పాఠకుడు