టికెట్ డబ్బు అడవికే చేరాలి

సంపాదకులకు నమస్కారం.

మా హనుమకొండ నుంచి సెలవులకు మహారాష్ట్రలోని తడోబా టైగర్ రిజర్వుకు వెళ్లొచ్చే కుటుంబాలు ఈమధ్య చాలానే కనిపిస్తున్నాయి. సఫారీ జిప్సీకి, గైడుకి, గదికి, భోజనానికి వాళ్లు పెట్టే ఖర్చంతా చంద్రాపూర్ జిల్లాలోనే ఉండిపోతుంది. ఆ తడోబా వైపు నుంచే పులులు మన కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంటాయి, కానీ ఇక్కడి రైతుకు వాటివల్ల వచ్చింది టెన్షన్, పోయిన ఎడ్లు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పశువు కళేబరానికి విషం పెట్టి పులిని చంపారంటే అది నేరమే, అందులో అనుమానం లేదు. అయితే ఎద్దు పోయిన వారంలోపే పరిహారం చేతిలో పడితే మనిషి విషం దాకా వెళ్లడని నా గట్టి నమ్మకం.

ఆ పరిహారానికి డబ్బు ఎక్కడిదంటే, పర్యాటకం నుంచే కొంత తీయొచ్చు. ప్రతి టైగర్ రిజర్వుకీ ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉండాలని 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు. సందర్శకుల రుసుము సర్కారు ఖజానాలో కలిసిపోకుండా ఆ అడవికీ, చుట్టుపక్కల ఊళ్లకీ వాడుకునే దారి అది. కవ్వాల్ 2012లోనే టైగర్ రిజర్వు అయింది. అక్కడి జన్నారం గేటు దగ్గర సఫారీకి ఎంత వసూలైంది, అందులో అడవికి కాపలా ఉండే బేస్‌క్యాంపు వాచర్ల జీతాలకెంత, పశువుల పరిహారానికెంత అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి, టికెట్ కొన్నవాళ్లూ చదువుతారు, ఊరోళ్లూ చదువుతారు.

పాకాల, ఏటూరునాగారం సంగతి వేరు. అవి అభయారణ్యాలే తప్ప టైగర్ రిజర్వులు కావు కాబట్టి ఫౌండేషన్ నిబంధన వాటికి వర్తించదు. రాష్ట్ర ప్రభుత్వమే అలాంటి నిధి ఒకటి పెట్టాలి. పాకాల చుట్టూ అడవి ఉంది కాబట్టే కాకతీయుల నాటి ఆ చెరువులోకి నీళ్లొస్తున్నాయి, నర్సంపేట వైపు వరి పండుతోంది, ఆ లెక్క ఏ పర్యాటక నివేదికలోనూ కనపడదు.

పులి కనపడితేనే జనం వస్తారనే మాట నేను ఒప్పుకోను. బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి, పాకాలలో మొసళ్లున్నాయి, తాడ్వాయి అడవిలో తెల్లవారుజామున కోయ యువకుడొకరు వెంట ఉండి పక్షుల్ని చూపిస్తే డబ్బులిచ్చేవాళ్లు వరంగల్‌లోనే బోలెడుమంది ఉన్నారు. గైడు పని ముందు ఆ ఊళ్ల పిల్లలకే ఇవ్వాలి, బయటి కాంట్రాక్టరుకు కాదు. లక్నవరం చెరువు దగ్గర, బొగత జలపాతం దగ్గర డీజేలు, ప్లాస్టిక్ పళ్లేలతో నడిచేదాన్ని మాత్రం దయచేసి ఎకో టూరిజం అనకండి.

మేడారం భక్తుల దగ్గర మాత్రం ఏ రుసుమూ వద్దు, వాళ్లు మొక్కు తీర్చుకోడానికి వస్తారు. సరదాకు కార్లేసుకొచ్చే మాలాంటోళ్ల దగ్గర ఇంకో యాభై ఎక్కువే తీసుకోండి, రసీదు ఇచ్చి, అది ఏ ఊరికి పోతుందో దానిమీదే రాయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ