చదువరుల సంఘం వార్షిక నివేదిక: కన్ఫ్యూషియస్‌తో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది మన ఆదివారం గోష్ఠులన్నీ ప్రాచీన చైనా ఆలోచనాపరులకే కేటాయించాం. ‘రెన్’, అంటే తోటివారి పట్ల దయ, దాని గురించి వాళ్లు ఎలా వాదించారన్నది విషయం.

మొదట్లో చాలామందికి విసుగొచ్చింది. రెన్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే కన్ఫ్యూషియస్ మాటల సంకలనమైన ‘లున్‌యు’లో ఎక్కడా దొరకదు. 12వ అధ్యాయంలో శిష్యులు ఇదే ప్రశ్న వేస్తారు. యెన్ యువాన్‌తో నిన్ను నువ్వు అదుపులో పెట్టుకుని మర్యాదకు కట్టుబడమంటాడు కన్ఫ్యూషియస్. సిమా న్యూతో, అలాంటివాడు ఆచితూచి మాట్లాడతాడంటాడు. ఫాన్ ఛితో మనుషుల్ని ప్రేమించు, అంతే. ఈయనకు నిలకడ లేదని కొందరు తేల్చేశారు కూడా. 11వ అధ్యాయంతో ఆ గొడవ సద్దుమణిగింది. విన్నది వెంటనే ఆచరించాలా అని అడిగితే జిలూకి ‘తండ్రీ, అన్నలూ ఉన్నారుగా’ అని పగ్గం వేస్తాడు, రాన్ యోకి ‘వెంటనే చెయ్యి’ అంటాడు. మొదటివాడిది దూకుడు, రెండోవాడిది వెనకాడే తత్వం. అడిగినవాడిని బట్టే జవాబు.

బాగా రక్తి కట్టింది మాత్రం కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తర్వాతి కాలపు ఆలోచనాపరుడు మెన్షియస్ మీది గోష్ఠి. కొత్త గంటకు రక్తం పూసే తంతు కోసం ఎద్దును తోలుకుపోతుంటే, అది వణకడం చూడలేక ఛీ రాజ్యపు రాజు శ్వాన్ దాన్ని వదిలేయమన్నాడు. బదులు గొర్రెను పెట్టమన్నాడు. జనం పిసినారి అనుకున్నారు. కాదు, ఎద్దును చూశావు, గొర్రెను చూడలేదు, అదే దయకు మార్గం అన్నాడు మెన్షియస్. ‘గొర్రెది ప్రాణం కాదా?’ అని మనవాళ్లు గట్టిగానే తగులుకున్నారు. (ఆ రోజు భోజనాల్లో మటన్ ఉండటం యాదృచ్ఛికం, కార్యవర్గం కుట్రేమీ లేదు.) నాకు నచ్చింది ఆ తర్వాతి పట్టు. పశువు మీద చూపించిన జాలి ప్రజల దాకా ఎందుకు రావట్లేదు, చేతకాకనా, చెయ్యకనా అని నిలదీస్తాడు. రాజు చేసిన పనితోనే రాజును ఇరికించాడు. నిర్వచనంతో మొదలుపెట్టుంటే శ్వాన్ తలూపి ఊరుకునేవాడు.

అందరినీ సమానంగా ప్రేమించాలన్న మోజి వాదనకు టైము చాలలేదు. వచ్చే ఏడాది దాన్ని, మనిషి స్వభావమే చెడ్డదన్న షున్‌జినీ కలిపి చదువుదామని కార్యవర్గం ప్రతిపాదన.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశం ముగిసేలోగా ఆయన్ని కలవగలరు.

కార్యదర్శి