ఎర్రకోటలో సైనిక పాదిరీల చరిత్రకూ చోటివ్వండి: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. 1857 తిరుగుబాటుపై ఎర్రకోటలో మీ శాఖ ఆధ్వర్యాన ఒక ప్రదర్శనశాల నడుస్తోంది. అదే కోటలోని దివాన్-ఇ-ఖాస్‌లో, బహదూర్ షా జఫర్ బందీ అయిన కొద్ది రోజులకే, ఆ ఏడాది సెప్టెంబరు నెలాఖరున ఈస్టిండియా కంపెనీ సైన్యం తన విజయానికి కృతజ్ఞతగా క్రైస్తవ ఆరాధన జరుపుకొంది. ఆ ఆరాధన నడిపించిన జాన్ రాటన్ కంపెనీ జీతం మీద పనిచేసే చాప్లెయిన్, అంటే సైనిక పాదిరీ. ఇలాంటి వారి పాత్రను కూడా సందర్శకులకు చెప్పవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రాటన్ మీరట్‌లో ఉండేవాడు. అక్కడ తిరుగుబాటు మొదలైన మే 10 సాయంత్రం భార్యతో కలిసి ప్రార్థనకు బయలుదేరబోతుండగా, సిపాయిలతో పోట్లాట జరగబోతోంది, వెళ్లవద్దని ఇంటి ఆయా బతిమాలిందని ఆయనే మరుసటి ఏడాది అచ్చయిన తన కథనంలో రాసుకున్నాడు. ఆ తరువాత ఢిల్లీని ముట్టడించిన కంపెనీ దండుతోపాటే నగరం పక్కనున్న రిడ్జ్ అనే గుట్ట మీద ఉండి, కలరాతో, గాయాలతో పడి ఉన్నవారిని పలకరించాడు, చనిపోయినవారిని ఖననం చేయించాడు. ఆ సేవను తక్కువ చేయలేము. అయితే అదే మనిషి ఆ ముట్టడిని సత్యానికీ అసత్యానికీ మధ్య జరిగిన పోరుగా చూశాడు. సెప్టెంబరు 14న నగరం మీద దాడికి ముందు ఫాదర్ బెర్ట్రాండ్ అనే కేథలిక్ గురువు 75వ రెజిమెంటును ఆశీర్వదించాడు. చావుకు వెళ్లే సైనికుడికి ధైర్యం చెప్పడం ఎక్కడ ముగుస్తుందో, పట్టణాన్ని కొల్లగొట్టబోయే సైన్యానికి దైవానుమతి ఇవ్వడం ఎక్కడ మొదలవుతుందో ఆ గురువులకైనా తెలిసి ఉంటుందని నాకు అనిపించదు.

ఈ వ్యవస్థకు ఖర్చు పెట్టింది ఎవరన్నది మరీ ముఖ్యం. 1813 చార్టర్ చట్టం కలకత్తా బిషప్‌కు ఏటా 5,000 పౌండ్లు, ఆయన కింది అధికారులైన ముగ్గురు ఆర్చ్‌డీకన్లకు తలా 2,000 పౌండ్లు ఈ దేశపు రాబడి నుంచే చెల్లించాలని నిర్దేశించింది. రైతు కట్టిన శిస్తు అందులో కలిసే ఉంది. 1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చే నాటికి కూడా మతశాఖ (సర్కారీ పాదిరీల, చర్చిల) వ్యవహారాలను గవర్నర్ జనరల్ తన చేతిలోనే ఉంచుకున్నాడు. పింఛన్లు కాక ఏటా 42 లక్షల రూపాయల దాకా చట్టసభ ఓటుతో పనిలేకుండా ఖర్చు చేసే వీలుండేది.

ఇందులో క్రైస్తవుల మీద ఫిర్యాదేమీ లేదని స్పష్టం చేస్తున్నాను; ఇలాంటి విషయం ఎత్తగానే వేరే అర్థాలు తీసే రోజులివి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు పల్లె పల్లె తిరిగి పెంచిన తెలుగు క్రైస్తవ సంఘం వేరు, దండుతో నడిచిన ఈ సర్కారీ కొలువు వేరు.

సికింద్రాబాద్‌లో 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి బ్రిటిష్ సైనికుల కోసం కట్టినదే. అప్పటి పాదిరీలు నింపిన ఖనన రిజిస్టర్లలో తెల్ల సైనికుడి పేరు, హోదా, వయసు, ఖననం తేదీ, కింద పాదిరీ సంతకం ఉంటాయి. వాటి నకళ్లు లండన్‌కు వెళ్లేవి, నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పక్కనే పోరాడి చనిపోయిన మద్రాసు సిపాయికి ఆ పుస్తకంలో చోటు లేదు.

కనుక దివాన్-ఇ-ఖాస్ దగ్గర ఆనాటి ఆరాధన గురించి హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ భాషల్లో ఒక ఫలకం పెట్టించవలసిందిగా పురావస్తు సర్వేక్షణ శాఖను ఆదేశించండి. జాతీయ అభిలేఖాగారంలో ఉన్న హోం శాఖ మత విభాగపు ఫైళ్లను అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పూర్తిగా అందరికీ అందుబాటులో ఉంచండి. మద్రాసు ప్రెసిడెన్సీ మత విభాగపు దస్త్రాలు చెన్నైలో తమిళనాడు అభిలేఖాగారం అధీనంలో ఉన్నాయి కాబట్టి, వాటి కోసం ఆ రాష్ట్ర ప్రభుత్వంతో మీ శాఖే ముందుగా సంప్రదించాలని మనవి.

భవదీయుడు,
ఒక చరిత్ర పాఠకుడు, సికింద్రాబాద్