మా పక్కింటి తాతయ్య తరఫున మీ అందరికీ కృతజ్ఞతలు

పోయిన ఏడాది మార్చిలో మెల్‌బోర్న్‌లో ఉన్న మన తెలుగువాళ్లని ఒక సాయం అడిగాను, గుర్తుందా? మా పక్కింటి ఆస్ట్రేలియా పెద్దాయన చిన్నప్పుడు పెరిగిన పిల్లల హోమ్‌లోని ఆయన కాగితాలు ఎలా సంపాదించాలో ఎవరికైనా తెలుసా అని. మనకెందుకులే అంటారనుకున్నాను. ఆ రాత్రి పదకొండు లోపే తొమ్మిది మంది ఫోన్ చేశారు. పోయిన వారం ఆయన పని పూర్తయింది, అందుకే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో ఆయన్ని అడిగే రాస్తున్నాను.

మా పిల్లలు ఆయన్ని తాతయ్య అంటారు. ఇప్పుడు 78 ఏళ్లు. 1953లో, ఆరేళ్ల వయసులో, ఒక ఛారిటీ నడిపే హోమ్‌లో చేర్చారు. అనాథ కాదు, అమ్మ ఉంది, భర్త వదిలేసి పోతే పిల్లల్ని సాకలేక చేర్చింది. గత శతాబ్దంలో ఈ దేశంలో ఇలా హోమ్‌లలో, ఇతరుల సంరక్షణలో పెరిగిన పిల్లలు 5 లక్షల దాకా, బహుశా అంతకంటే ఎక్కువే ఉంటారని 2004లో సెనేట్ కమిటీ రిపోర్టు చెప్పింది. 2009 నవంబర్ 16న ప్రధాని కెవిన్ రడ్ వాళ్లకి దేశం తరఫున క్షమాపణ చెప్పారు. ఆ రోజు తాతయ్య టీవీ కట్టేసి తోటలోకి వెళ్లిపోయారట. "ప్రభుత్వం చెప్పింది, సంతోషమే, కానీ ఆ గదిలో నన్ను పెట్టింది ప్రభుత్వం కాదుగా" అన్నారు నాతో.

హోమ్‌లో ఆయనకి జరిగింది నేను రాయను. చిన్నప్పుడు సంస్థల్లో లైంగిక వేధింపులకి గురైనవాళ్లకి పరిహారం ఇప్పించే ప్రభుత్వ పథకం ఒకటుంది, రెడ్రెస్ స్కీం అంటారు. ఆయన దానికి దరఖాస్తు పెట్టారంటే అర్థం చేసుకోండి.

మొదట ఆ ఛారిటీకి రాస్తే ఆ కాలం రికార్డులు లేవని మూడు లైన్ల జవాబు వచ్చింది. ఇక్కడే సిడ్నీ నుంచి ఫోన్ చేసిన అక్క దేవతలా దొరికింది. నోమోర్ అని ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత న్యాయ సేవ ఉందని, ఫీజు అడిగే లాయర్ల దగ్గరికి వెళ్లొద్దని, ముందు వాళ్లకే ఫోన్ చేయమని చెప్పింది. వాళ్లు, ఒక సపోర్ట్ వర్కర్ కలిసి మళ్లీ అడిగితే, లేవన్న రికార్డుల్లోంచి 41 పేజీలు వచ్చాయి. వాటిలో వాళ్లమ్మ రాసిన ఉత్తరాలు నాలుగు. ఒకదాంట్లో, బాబు పాదం ఒక కాగితం మీద పెట్టి గీత గీసి పంపండి, పుట్టినరోజుకి బూట్లు కొంటాను అని రాసింది. ఆ ఉత్తరం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. మీ అమ్మ నిన్ను మర్చిపోయింది అనే చెప్పారట తొమ్మిదేళ్లూ. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆయన ఆ జిరాక్స్ కాగితం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నేను పొయ్యి కట్టేసి పక్కన కూర్చున్నాను అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఛారిటీ ఆఫీసులో ఒకరు ఫోన్లో, ఇప్పటి దాతలు ఇచ్చే డబ్బు ఇప్పటి పిల్లల కోసం, పాత విషయాలకి దాన్ని ఎలా ఖర్చు పెడతాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. పేరు అదే, స్థలం అదే, ఎన్నేళ్ల నుంచి సేవ చేస్తున్నామో బోర్డు మీద గొప్పగా రాసుకుంటారు. నాన్న పొలం తీసుకుని నాన్న అప్పు నాది కాదంటే మన ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? ఇది దానం కాదు, బాకీ. ఇక్కడి చట్టం కూడా ఇప్పుడు కొంతవరకు అదే అంటోంది. 2018 జులై 1న మొదలైన ఈ స్కీంలో సంస్థలు చేరాలి, పరిహారం ఖర్చు బాధ్యత ఉన్న సంస్థే భరించాలి. చేరని సంస్థల పేర్లు ప్రభుత్వం 2020లో బయటపెట్టింది. 2021లో ఛారిటీల నిబంధనల్లో కొత్తది చేర్చారు, పిల్లలపై వేధింపుల ఫిర్యాదుల్లో పేరు బయటికొచ్చిన ఛారిటీ ఈ స్కీంలో చేరడానికి తగిన ప్రయత్నం చేయకపోతే రిజిస్ట్రేషనే పోవచ్చు, దాంతోపాటు పన్ను రాయితీలు కూడా. ఇదంతా సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక వేధింపుల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, ఐదేళ్లు కూర్చుని, 8,000 మందికి పైగా బాధితుల మాట విడివిడిగా విన్నాక వచ్చిన మార్పు.

అలా అని అంతా బాగుందని కాదు. కమిషన్ గరిష్ఠంగా 2 లక్షల డాలర్లు అంటే స్కీంలో 1.5 లక్షలే పెట్టారు. పైగా ఇది లైంగిక వేధింపులకి మాత్రమే. అదే హోమ్‌లో పెరిగిన తాతయ్య తమ్ముడు దెబ్బలు తిన్నాడు, ఆకలితో ఉన్నాడు, కానీ ఈ స్కీంలో ఆయనకి చోటు లేదు. తాతయ్యకి ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

దరఖాస్తు రాయడానికే ఆరు వారాలు పట్టింది. రోజుకి రెండు మూడు వాక్యాలు, అంతే. తార్నీట్ నుంచి వారం వారం వచ్చి టైప్ చేసిపెట్టిన తమ్ముడూ, ఆయన ఆగినప్పుడు నువ్వూ ఆగావు, తొందరపెట్టలేదు, నీ రుణం తీర్చుకోలేను. కౌన్సెలర్ దగ్గరికి అన్నిసార్లు కారులో తీసుకెళ్లి బయట ఎదురుచూసిన అన్నయ్యకి, ఒప్పందం మీద సంతకం పెడితే ఆ సంస్థ మీద ఇక కేసు వేయలేరని, ఆలోచించుకోవడానికి 6 నెలల టైం ఉందని ఓపికగా మూడుసార్లు వివరించిన లాయరమ్మకి, టెన్షన్‌తో నిద్రపట్టక నేను అర్ధరాత్రి మెసేజ్‌లు పెడితే జవాబిచ్చిన వాళ్లందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

స్కీంలో డబ్బు, కౌన్సెలింగ్‌తో పాటు మూడోది ఒకటుంది, బాధితులు కోరుకుంటే సంస్థ పెద్దలు ఎదురుగా వచ్చి క్షమాపణ చెప్పాలి. తాతయ్య కోరుకున్నారు. లైబ్రరీలో చిన్న గది. మెడలో సంస్థ బ్యాడ్జీ లేకుండా రమ్మన్నారు, తలుపు కనిపించేలా తన కుర్చీ వేయమన్నారు. వచ్చినావిడ ఆయన ఫైలు మొత్తం చదివి వచ్చింది. "ఈ ఉత్తరాలు మీవి, మేం దాచిపెట్టాం" అని అసలు కాగితాలు నాలుగూ ఆయన చేతిలో పెట్టింది. ఆవిడకి కూడా నా కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా.

నేనూ గుంటూరులో పాప పుట్టినరోజుకి ఒక హోమ్‌లో అన్నదానం చేయించి, ఫోటోలు దిగి వచ్చినదాన్నే. రాత్రిపూట అక్కడ ఎవరుంటారు, ఆ పిల్లలకి కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకి తెలుసా అని ఒక్కటీ అడగలేదు. ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.

దరఖాస్తులు 2027 జూన్ 30 వరకే తీసుకుంటారు. మీరు పనిచేసే ఏజ్డ్ కేర్‌లోనో, మీ వీధిలోనో ఇలాంటి పెద్దవాళ్లు ఉంటే నాకు చెప్పండి, ఎవరికి ఫోన్ చేయాలో నేను చెప్తాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికి భోజనానికి రావాలని తాతయ్య కోరిక. కారం తక్కువగా పప్పు, దొండకాయ వేపుడు, ఆయనకిష్టమైన పెరుగన్నం. బల్లకి ఆ చివర తలుపు వైపు తిప్పిన కుర్చీ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం జరపకండి.