సగం చెప్పిన కథ

విజయనగరం

చిట్టితల్లికి,

"ఇంకా ఎన్నాళ్లు ఇలా పాడేవాళ్ల పక్కన ఫిడేలు పక్కవాద్యం నాన్నా?" అని ఆదివారం ఫోనులో అడిగావు. అప్పుడేమీ చెప్పలేకపోయాను. ఫోను పెట్టేశాక సంగీత కళాశాల దాకా నడిచి వచ్చాను. లోపల ఎవరో పిల్లవాడు జంట వరుసలు వాయిస్తున్నాడు. శ్రుతి కాస్త దిగింది. నాకెందుకో నీ చిన్నతనం గుర్తొచ్చింది.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కథ నీకు సగమే చెప్పాను. చూపు ఆనక బడి చదువు సాగకపోవడం, అన్నగారి దగ్గర ఫిడేలు నేర్వడం, 1919లో ఇదే కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే వాయింపు విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకోవడం... మన ఊళ్లో అందరూ ముచ్చటగా చెప్పుకునేది ఇంతవరకే.

చెప్పని సగం ఇది. ఆయన తొలి సోలో కచేరీ చేసింది 1938లో, వెల్లూరులో. పుట్టింది 1893లో. లెక్క నువ్వే వేసుకో. అప్పటికే ఆయన రెండేళ్లుగా ఈ కళాశాలకు ప్రిన్సిపాల్. మరో మూడేళ్లకు, 1941లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది.

నిన్ను నలభై అయిదేళ్ల దాకా ఆగమనడం లేదు, కంగారుపడకు. నీకు అంత ఓపిక లేదని నాకు తెలుసు, అది మీ అమ్మ పోలిక. కానీ మొన్న నువ్వు పంపిన రికార్డింగు మూడుసార్లు విన్నాను. తోడి రాగం ఆలాపనలో ఆ గాయని గాంధార స్వరం మీద నిలిచి ఊపిరి తీసుకుంటోంది. నువ్వు ఆగలేదు, కమాను వేసేశావు. స్వరం తప్పలేదు, అందులో కోపం ఉంది. ద్వారంవారి పాత రికార్డులు మళ్లీ విను. కమాను ఈ చివరి నుంచి ఆ చివరికి ఎంత నింపాదిగా నడుస్తుందో చూడు. ఆయన సోలో వాయిస్తున్నప్పుడు కూడా పక్కన ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది నాకు.

నేను విద్వాంసుణ్ణి కాను, వినేవాణ్ణి. తప్పుగా విన్నానేమో కూడా, అలాగైతే ఫోనులో దెబ్బలాడు.

మీ అమ్మ జంతికలు పంపుతోంది. నూనె చేతులతో తంత్రులు ముట్టకు.

నాన్న